అమెరికాలో ఇన్ని రాష్ట్రాలు సరేనన్నాక కూడా వైద్యం కోసం గంజాయికి అడ్డేమిటి?

"అమెరికాలో సగానికి పైగా రాష్ట్రాలు మెడికల్ మారిజువానాకు, అంటే వైద్యానికి వాడే గంజాయికి, అనుమతి ఇచ్చేశాయి కదా, ఇంకా చట్టపరమైన అడ్డంకులు ఏమున్నాయి?" అని ఒకరు అడిగారు. చదివాక రెండు రోజులు ఊరుకున్నాను. ఇంటి సంగతి బయట పెట్టాలా అని. మా ఆవిడే "రాయండి, పేరు రాయకుండా రాయండి" అంది.

ఆ అడ్డంకి ఏమిటో నాకు 2021 ఫిబ్రవరిలో, న్యూజెర్సీలో ఒక ఆసుపత్రి పార్కింగ్ లాట్‌లో కారులో కూర్చుని ఉండగా అర్థమైంది.

మా ఆవిడకు రొమ్ము క్యాన్సర్. సర్జరీ అయిపోయి కీమో నడుస్తోంది. కోవిడ్ రోజులు కాబట్టి తోడుగా ఎవరినీ లోపలికి రానిచ్చేవారు కాదు. తలుపు దగ్గర దించేసి నాలుగు గంటలు కారులో కూర్చోవడం నా డ్యూటీ. పది నిమిషాలు హీటర్ వేయడం, ఆపడం, అద్దాలు మసకబారితే మళ్ళీ వేయడం, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఆఫీసు మీటింగుల్లో మ్యూట్‌లో ఉండడం. ఆ పార్కింగ్‌కి డబ్బులు కూడా కట్టించుకునేవారు. లోపలికి రానివ్వరు, బయట కూర్చున్నందుకు బిల్లు వేస్తారు! సరే, ఆ గొడవ ఇంకెప్పుడైనా.

ఎక్కించే మందుల్లో ఒకటి అచ్చం రస్నాలా ఎర్రగా ఉంటుంది. డాక్సోరూబిసిన్. అక్కడి పేషెంట్లు దాన్ని 'రెడ్ డెవిల్' అంటారు. ఎక్కించిన రోజు మనిషి బాగానే ఉంటుంది. మర్నాడు సాయంత్రం నుంచి మొదలు. వాంతులకు ఇచ్చిన మాత్రలు మొదటిసారి కాస్త పనిచేశాయి. రెండోసారికి మంచినీళ్ళు కూడా కడుపులో నిలవలేదు. పోపు వాసన సంగతి అలా ఉంచండి, ఫ్రిజ్ తలుపు తీస్తేనే లేచి బాత్రూమ్‌కి పరుగు. రెండు వారాల్లో తొమ్మిది పౌండ్లు తగ్గింది. మా అత్తగారు అక్కడి నుంచి వీడియో కాల్‌లో చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం తప్ప ఏమీ చేయలేని రోజులు.

మూడో కీమో రోజు లోపలి నుంచి నాకు మెసేజ్ వచ్చింది. "నర్సు గంజాయి కార్డు తీసుకోమంటోంది. తీసుకుందామా?" కింద నవ్వుతున్న బొమ్మ. వైద్యం కోసం గంజాయి కొనుక్కోవడానికి రోగికి రాష్ట్రం ఇచ్చే కార్డు అది. ఆ నర్సు పెద్దావిడ, ముప్పై ఏళ్ళుగా కీమో వార్డులోనే ఉందట. వాంతులు తగ్గని వాళ్ళలో కొందరికి ఇది బాగా పనిచేయడం కళ్ళారా చూశానని, అక్కడి డాక్టరు ఒకరు ఈ ప్రోగ్రామ్‌లో రిజిస్టర్ అయి ఉన్నారని, ఫారం తనే ప్రింట్ తీసిస్తానని చెప్పింది. న్యూజెర్సీలో దీనికి చట్టం వచ్చింది 2010 జనవరిలో. గవర్నర్ జాన్ కోర్జైన్ పదవి దిగిపోయే ముందు సంతకం పెట్టిపోయాడు. తర్వాత వచ్చిన క్రిస్ క్రిస్టీకి ఇది అస్సలు ఇష్టం లేదు. అందుకే వైద్య గంజాయి అమ్మే మొదటి దుకాణం తెరుచుకునే సరికి 2012 డిసెంబర్ అయింది. చట్టాన్ని రద్దు చేయక్కర్లేదు, ఫైలు నెమ్మదిగా నడిపిస్తే చాలు. రాజకీయ అడ్డంకి అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ మూడేళ్ళే చూపిస్తాను.

నేను మాత్రం ఆ మెసేజ్‌కి 'సరే' అని టైప్ చేసి, పంపకుండా ఆగాను. కారణం, 2020 అక్టోబర్‌లో మన వాళ్ళు చాలామందిలాగే మేమూ ఐ-485, అంటే గ్రీన్ కార్డు దరఖాస్తు, వేశాం. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఏళ్ళ తరబడి క్యూలో నిలబడితే అప్పటికి దారి తెరుచుకుంది. కారులోంచే ఇమిగ్రేషన్ లాయరుకి ఫోన్ చేశాను. ఆవిడ తెలుగావిడే.

"కార్డు తీసుకోకండి. అప్లికేషన్ కూడా నింపకండి. ఫ్రెండ్స్ ఎవరైనా కొని తెచ్చిచ్చినా ముట్టుకోకండి" అన్నారు.

"అదేంటండీ, న్యూజెర్సీలో పదకొండేళ్ళుగా లీగలే కదా?"

"న్యూజెర్సీ మీకు గ్రీన్ కార్డు ఇవ్వదు కదండీ."

ఆ ఒక్క ముక్కతో నా నోరు పడిపోయింది. తర్వాత ఆవిడ ఓపిగ్గా వివరించారు. ఐ-485లో ఒక ప్రశ్న ఉంటుంది. ఏ రాష్ట్రానిదైనా, అమెరికాదైనా, ఇంకో దేశానిదైనా మత్తు పదార్థాల చట్టాన్ని మీరు ఎప్పుడైనా ఉల్లంఘించారా అని. కేసు, అరెస్టు ఏమీ అక్కర్లేదు. ఇంటర్వ్యూలో 'వాడాను' అని మనమే ఒప్పుకున్నా తలనొప్పే. లేదని అబద్ధమాడితే అది ఇంకా పెద్ద తలనొప్పి. పోనీ గ్రీన్ కార్డు వచ్చేసిందనుకోండి, సిటిజన్‌షిప్ దగ్గర ఇదే పేచీ. 2019 ఏప్రిల్‌లో ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ స్పష్టంగా చెప్పింది, రాష్ట్రం అనుమతించినా సరే, ఫెడరల్ (కేంద్ర) చట్టం ప్రకారం గంజాయి వాడకం నేరమే, 'మంచి నడవడిక' నిరూపించుకోవడానికి అది అడ్డు కావచ్చు అని. వాంతులు ఆగడానికి మందు వేసుకుంటే నడవడిక చెడుతుందట!

దీనంతటికీ మూలం 1970 నాటి కంట్రోల్డ్ సబ్‌స్టాన్సెస్ యాక్ట్. అందులో గంజాయిని షెడ్యూల్ 1లో, హెరాయిన్ పక్కన కూర్చోబెట్టారు. 'ఒప్పుకోదగ్గ వైద్య ఉపయోగం ఏదీ లేదు' అని దాని అర్థం. అందుకే ఏ రాష్ట్రంలోనూ డాక్టరు దీనికి ప్రిస్క్రిప్షన్ రాయలేడు. 'ఈ పేషెంటుకు ఉపయోగపడవచ్చు' అని సిఫార్సు మాత్రం చేయగలడు. ఆ మాత్రం చెప్పే హక్కు కోసం కూడా డాక్టర్లు కోర్టుకెక్కి, 2002లో కోనాంట్ వర్సెస్ వాల్టర్స్ కేసులో గెలవాల్సి వచ్చింది. ప్రిస్క్రిప్షన్ లేదు కాబట్టి మామూలు మందుల షాపులో దొరకదు, ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు.

"రాష్ట్రం చట్టం చేసింది కదా" అనేవాళ్ళు ఒకసారి 2005 నాటి రైచ్ కేసు చూడాలి. కాలిఫోర్నియా ఓటర్లు వైద్య గంజాయికి అనుమతినిచ్చే ప్రాప్ 215 ప్రతిపాదనను 1996లోనే గెలిపించారు. 2002లో అక్కడ డయాన్ మాన్సన్ అనే ఆవిడ ఇంటికి ఫెడరల్ మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ వాళ్ళు వచ్చారు. నడుం నొప్పి కోసం పెంచుకున్న ఆరు మొక్కలు. రాష్ట్ర చట్టం ప్రకారం అంతా సక్రమమే. అయినా ఆరూ పీకి పట్టుకుపోయారు. ఆవిడ, రైచ్ అనే ఇంకో రోగి కలిసి వేసిన కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్తే 6-3 తేడాతో ఫెడరల్ ప్రభుత్వమే గెలిచింది. తీర్పు ఇప్పటికీ అలాగే ఉంది.

మరి ఇన్ని వేల దుకాణాలు ఎలా నడుస్తున్నాయి అంటారా? 2014 డిసెంబర్‌లో కాంగ్రెస్ బడ్జెట్ బిల్లులో చిన్న తోక తగిలించింది. రాష్ట్రాల వైద్య గంజాయి చట్టాల అమలుకు అడ్డుపడడానికి న్యాయశాఖ ఈ డబ్బు ఖర్చుపెట్టకూడదు అని. నేరం నేరంగానే ఉంటుంది, పట్టుకోవడానికి మాత్రం డబ్బులివ్వం. అదైనా శాశ్వతం కాదు, బడ్జెట్ వచ్చినప్పుడల్లా మళ్ళీ తగిలించాలి. లక్షలాది రోగుల మందు ఇలా ఏడాదికేడాది వాయిదా మీద బతుకుతోంది.

మళ్ళీ పార్కింగ్ లాట్‌కి వస్తాను. 'వద్దట, తర్వాత చెప్తా' అని మెసేజ్ పెట్టాను. మర్నాడు డాక్టర్ ఇంకో దారి చూపించారు. డ్రోనాబినాల్. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ అణువునే ల్యాబులో తయారు చేసి క్యాప్సూల్‌లో పెట్టినది. కీమో వాంతులకే దీన్ని మందులకు అనుమతిచ్చే ఫెడరల్ సంస్థ ఎఫ్‌డీఏ 1985లో ఆమోదించింది. ఇప్పుడిది షెడ్యూల్ 3, అంటే వైద్య ఉపయోగం ఉందని ఒప్పుకుని కట్టడి తగ్గించిన జాబితా. అదే అణువు ఆకులో ఉంటే వైద్య ఉపయోగం లేదు, క్యాప్సూల్‌లో ఉంటే ఉంది! లాయరు గారు "దానికేం, ప్రిస్క్రిప్షన్ ఉంటే నిక్షేపంగా వేసుకోండి" అన్నారు. ఇన్సూరెన్స్ వాళ్ళు మాత్రం అప్రూవల్ అంటూ ఆరు రోజులు తిప్పారు. ఈలోగా మూడో కీమో నరకం అయిపోనే అయిపోయింది.

నాలుగోదానికి సీసా చేతికొచ్చింది. చిన్న మెత్తటి గుండ్రటి క్యాప్సూల్స్. ఫ్రిజ్‌లో పెట్టాలి. లోపల మందును కలిపిందేమిటో తెలుసా? నువ్వుల నూనె. సీసాతో వచ్చిన కాగితంలో అది చదివి మా ఆవిడ చాలా రోజుల తర్వాత నవ్వింది. "మా అమ్మతో చెప్పండి, నువ్వుల నూనే తాగుతున్నానని." మొదటి క్యాప్సూల్ ఇరవై నిమిషాల్లో వాంతిలో పోయింది. వాంతులు చేసుకునే మనిషికి మింగే మందు ఇవ్వడం ఏం తెలివో! రెండోది నిలిచింది. గంటన్నర తర్వాత లేచి కూర్చుని "కొంచెం చారన్నం ఉందా?" అంది. నేను వంటింట్లోకి వెళ్ళి కుక్కర్ పెట్టి, ఆ విజిల్ చప్పుడులో కాసేపు నిలబడిపోయాను. ఆ రోజు ఐదు ముద్దలు తింది. అబద్ధం ఎందుకు, తర్వాత రెండు రోజులు "తల నాది కానట్టుంది" అని విసుక్కుంది. ఆకులో దొరికేది చుక్కల మందుగా నాలుక కింద కాస్త కాస్తగా వేసుకునే వీలుంటుందని నర్సు చెప్పింది. అది మాకు ఇంకా బాగా పనిచేసేదనే నా నమ్మకం. రుజువు ఏదంటే నా దగ్గర లేదు.

ఆ నెలలోనే, ఫిబ్రవరి 22న, న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ సరదాకి తాగేవాళ్ళకు కూడా గంజాయిని లీగల్ చేస్తూ సంతకం పెట్టాడు. టీవీలో వార్త వస్తుంటే మా ఆవిడ బకెట్ పక్కన పెట్టుకుని చూస్తోంది. "ఏమండీ, కాలక్షేపానికి ఓకేనట" అంది.

ఇక్కడ మన వాళ్ళ గురించి కూడా చెప్పాలి. వాట్సాప్ గ్రూపులో ఎవరికోసమో సలహా అడిగినట్టు నేను ఈ సంగతి ఎత్తితే రెండు రకాల జవాబులు. ఒకాయన "ఛీ, గంజాయా, ఫ్యామిలీ గ్రూపులో ఇవేం మాటలు" అని. ఇంకొకాయన "ఆయుర్వేదంలో దీన్నే విజయ అంటారు, క్యాన్సర్ మాయమైపోతుంది" అని ఏవో ఫార్వర్డులు. క్యాన్సర్‌ని మాయం చేస్తుందనేవాళ్ళ వల్లే, వాంతులు తగ్గిస్తుంది చాలు అనేవాళ్ళ మాట చెల్లకుండా పోతోందని నా అభిప్రాయం. మొదటాయనకి చెప్పాల్సింది ఒకటుంది. పాశ్చాత్య వైద్యానికి దీన్ని పరిచయం చేసింది 1839లో కలకత్తాలో పనిచేసిన డాక్టర్ ఓషానెస్సీ. మన దగ్గర చూసి, పరీక్షించి రాసుకున్నాడు. అటు వెళ్ళి, నేరమై కూర్చుంది.

సైన్సు తేలలేదు, అందుకే ఆలస్యం అనే మాటను నేను నమ్మను. 1988లో డీఈఏ సొంత జడ్జి ఫ్రాన్సిస్ యంగ్ దీన్ని వైద్య ఉపయోగం ఒప్పుకునే షెడ్యూల్ 2కి మార్చమని సిఫార్సు చేశాడు. డీఈఏ పక్కన పడేసింది. ఇంకా విచిత్రం వినండి. రాబర్ట్ రాండల్ అనే గ్లాకోమా (కంటి జబ్బు) రోగి కేసుతో 1978 నుంచి ఫెడరల్ ప్రభుత్వమే కొద్దిమంది రోగులకు మిసిసిపీ విశ్వవిద్యాలయంలో పండించిన గంజాయిని, చుట్టిన సిగరెట్లుగా డబ్బాల్లో పెట్టి పంపింది. 1992లో కొత్తవాళ్ళను చేర్చుకోవడం ఆపేశారు కానీ, ఉన్నవాళ్ళకు పంపుతూనే వచ్చారు. ఒక చేత్తో వైద్య ఉపయోగం లేదని రాస్తూ, ఇంకో చేత్తో డబ్బాలు పార్సిల్ చేయడం!

ఓటర్లు ఒప్పుకోవట్లేదా అంటే అదీ కాదు. అదే మిసిసిపీలో 2020లో జనం వైద్య గంజాయిని భారీగా ఓటేసి గెలిపించారు. ఆరు నెలల్లో రాష్ట్ర సుప్రీం కోర్టు కొట్టేసింది. ఎందుకో తెలుసా? ప్రతిపాదనను ఓటింగుకి పెట్టడానికి కావాల్సిన సంతకాలు ఐదు కాంగ్రెస్ నియోజకవర్గాల నుంచి రావాలని వాళ్ళ రాజ్యాంగంలో ఉంది. జనాభా లెక్కల తర్వాత ఆ రాష్ట్రానికి మిగిలింది నాలుగే. లేని ఐదో నియోజకవర్గం నుంచి సంతకాలు తేలేదని రద్దు. మళ్ళీ 2022లో శాసనసభ చట్టం చేసేదాకా రోగులు ఆగారు.

2024 మేలో షెడ్యూల్ 3కి మారుద్దామని న్యాయశాఖ ప్రతిపాదన పెట్టింది. 2025 జనవరిలో మొదలవ్వాల్సిన విచారణ వాయిదా పడింది. షెడ్యూల్ 3 అంటే వ్యాపారులకు పన్నుల బాధ తగ్గుతుంది, పరిశోధన తేలికవుతుంది. మంచిదే. కానీ వీసా మీద, గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్ళు అప్పుడే పండగ చేసుకోకండి. షెడ్యూల్ 3 అయినా అది కంట్రోల్డ్ సబ్‌స్టాన్సే. మనకు ఉన్న చిక్కు ఆ మాట దగ్గరే ఉంది. ఈ సగం చట్టబద్ధత రాజకీయ నాయకులకు చాలా సౌకర్యంగా ఉందని నా గట్టి నమ్మకం. రాష్ట్రంలో రోగుల ఓట్లు వస్తాయి, వాషింగ్టన్‌లో చెయ్యి ఎత్తాల్సిన పని ఉండదు. ఎటూ ఇరుక్కునేది ఓటు లేనివాళ్ళు. మీరు హెచ్-1బీలో ఉండి ఇంట్లో ఎవరికైనా ఇలాంటి అవసరం వస్తే, గంజాయి అమ్మే డిస్పెన్సరీకి వెళ్ళే ముందు ఇమిగ్రేషన్ లాయరుకి ఫోన్ చేయండి. ఫీజు దండగ అనుకోకండి.

మా ఆవిడ ఇప్పుడు బాగుంది. గ్రీన్ కార్డులు కూడా వచ్చాయి. కీమో అయిపోయాక ఆ సీసాలో పదకొండు క్యాప్సూల్స్ మిగిలాయి. చెత్తబుట్టలో వేయాలంటే భయం, ఉంచుకోవాలంటే భయం. చివరికి మా ఊరి పోలీస్ స్టేషన్ లాబీలో పాత మందులు వేసే పెట్టె ఉందని తెలిసి తీసుకెళ్ళాను. చేతిలో టీహెచ్‌సీ సీసా పట్టుకుని పోలీస్ స్టేషన్ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళినప్పుడు గుండె ఎలా కొట్టుకుందో! కౌంటర్ వెనకున్న ఆఫీసరు తల కూడా పూర్తిగా ఎత్తలేదు. పెట్టె అటుందని గడ్డంతో చూపించి, కాఫీ తాగుతూ ఉండిపోయాడు.