జారింది కనుబొమా, రెప్పా? ఆపరేషన్‌కు ముందే తేల్చుకోండి

ప్రశ్న: నా వయసు 62. గాజువాకలో ఉంటాను. స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యాను. రెండు మూడేళ్లుగా కనుబొమలు జారి కళ్ల మీద పడుతున్నాయి. పేపర్ చదవాలంటే వేలితో పైకెత్తి పట్టుకోవాలి. సాయంత్రానికి నుదురంతా నొప్పి. ఒక డాక్టర్ రెప్పల ఆపరేషన్ చాలన్నారు. ఒక క్లినిక్‌లో దారాలతో లాగుతామన్నారు. నాకు ముందువైపు జుట్టు లేదు. గుండెకు స్టెంట్ ఉంది, రక్తం పలచబడే మందులు వాడుతున్నాను. ఏం చేయించుకోవాలి?

జవాబు: మీ నుదుటి నొప్పికి కారణం చాలావరకు అలసటే అనిపిస్తోంది. చూపుకు అడ్డం రాకుండా నుదుటి కండరం రోజంతా కనుబొమల్ని పైకి లాగుతూనే ఉంటుంది.

అద్దం ముందు కూర్చుని కళ్లు మూసుకోండి. నుదురు వదులుగా వదిలేసి, అరచేత్తో కదలకుండా పట్టుకుని, నెమ్మదిగా కళ్లు తెరవండి. మగవాళ్లలో కనుబొమ మామూలుగా కంటి పైఎముక అంచు మీదే ఉంటుంది. అంతకంటే కిందికి వస్తే జారింది కనుబొమే. దాన్ని వేలితో ఎముక మీదికి తెచ్చినా చర్మం రెప్ప వెంట్రుకల మీద వేలాడుతుంటే రెప్పలోనూ అదనపు చర్మం ఉన్నట్టు. రెప్ప అంచే కంటిపాప మీదికి వస్తుంటే అది టోసిస్, దాని చికిత్స వేరు.

ఇది తేలకుండా రెప్పల ఆపరేషన్ ఒక్కటే చేయించుకోవద్దని గట్టిగా చెబుతాను. రెప్ప చర్మం తీసేశాక అడ్డు తొలగుతుంది కాబట్టి నుదుటి కండరం సడలి, కనుబొమ ఇంకా కిందికి దిగొచ్చు. అప్పుడు మళ్లీ చర్మం తీస్తే కన్ను పూర్తిగా మూసుకోక పొడిబారుతుంది.

ఇక కనుబొమను పైకెత్తే ఆపరేషన్, అంటే బ్రో లిఫ్ట్‌లో రకాలు. ఈ చెవి నుంచి ఆ చెవి దాకా తల మీద కోసే కరోనల్ పద్ధతిలో కోత జుట్టులో దాగాలి. జుట్టు లేని మీకు అది కుదరదు. సన్నటి కెమెరా గొట్టం పెట్టి చేసే ఎండోస్కోపీ పద్ధతిలో చిన్న చిన్న కోతలు చాలు. అయినా అవీ జుట్టు వెనకే దాచాలి, పైగా నుదురు ఎత్తుగా ఉన్నవాళ్లకు ఆ పరికరాలతో పని కష్టం. మీలాంటి వారికి మిగిలేవి ముఖ్యంగా రెండు. కనుబొమకు సరిగ్గా పైన కొంత చర్మం తీసి కుట్టే డైరెక్ట్ బ్రో లిఫ్ట్ ఒకటి. చిన్న ఆపరేషన్, ఆ చోటు వరకే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చేయొచ్చు, ఎంత పైకెత్తాలో కచ్చితంగా కొలుచుకోవచ్చు. సన్నటి మచ్చ మాత్రం మిగులుతుంది, కనుబొమలు దట్టంగా ఉంటే అంతగా కనిపించదు. నుదుటి మీద లోతైన ముడతలు ఉంటే కోతను ఆ ముడతలోనే పెట్టే మిడ్ ఫోర్‌హెడ్ లిఫ్ట్ రెండోది. చూపు కోసం చేయించుకునే మీకు డైరెక్ట్ పద్ధతినే ముందు పరిశీలించమంటాను.

దారాలు, బొటాక్స్ మీకు అక్కర్లేదు. బొటాక్స్ అంటే కండరాన్ని సడలించే ఇంజెక్షన్, అది మూడు నాలుగు నెలలే పనిచేస్తుంది. నుదుటి కండరానికి ఇస్తే మీ కనుబొమలు ఇంకా జారతాయి కూడా. దారాల ఫలితమూ ఎక్కువ కాలం నిలవదు, ఇంత బరువును అవి మోయలేవు.

స్టెంట్ మందుల విషయం మరీ ముఖ్యం. ఆపరేషన్ ఉందని యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మీ అంతట మీరు ఆపొద్దు, స్టెంట్ మూసుకుపోతే ప్రాణానికే ముప్పు. మీ కార్డియాలజిస్టు, సర్జన్ మాట్లాడుకుని నిర్ణయించాలి. ఇది ఎమర్జెన్సీ కాదు, కొన్ని నెలలు ఆగమంటే ఆగండి.

వాపు, కమిలిన మచ్చలు రెండు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. కుట్లు సుమారు వారానికి తీస్తారు. కోతకు పైన నుదురు, తల ముందుభాగం కొన్ని నెలలు తిమ్మిరిగా ఉండొచ్చు, కొందరికి కొంత అలాగే మిగులుతుంది. రెండు కనుబొమల ఎత్తులో కాస్త తేడా ఉండిపోవచ్చు. కనుబొమ కదిపే నరం దెబ్బతినడం అరుదు. కోత పచ్చిగా ఉన్నన్నాళ్లూ మన విశాఖ ఎండలో టోపీ లేకుండా తిరిగితే మచ్చ నల్లబడుతుంది.

రెప్పలు, కనుబొమల ఆపరేషన్లు చేసే ఓక్యులోప్లాస్టిక్ సర్జన్‌ను కలవండి, లేదా విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ప్లాస్టిక్ సర్జరీ విభాగంలో చూపించుకోండి. పాత ఐడీ కార్డు ఫొటో తీసుకెళ్తే కనుబొమలు ఎంత జారాయో తెలుస్తుంది. పైనా పక్కలా ఎంతమేర కనిపిస్తోందో కొలిచే విజువల్ ఫీల్డ్ టెస్ట్ చేయించండి. చూపు కోసమే ఆపరేషన్ అని ఇన్సూరెన్స్ వాళ్లకు చూపించడానికి ఆ రిపోర్టు పనికొస్తుంది.

ఒక్క వైపే ఉన్నట్టుండి జారినా, వస్తువులు రెండుగా కనిపించినా, మాట తడబడినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. పొద్దున బాగుండి సాయంత్రానికి రెప్పలు వాలిపోతుంటే న్యూరాలజిస్టుకు చూపించాకే ఆపరేషన్ మాట.