సైట్‌లో ఫొటోలు సేవ్ అవ్వట్లేదు, ఫోల్డర్‌కి 777 ఇచ్చేయొచ్చా?

విజయనగరం సిరిమానోత్సవం ఫొటోల కోసం సైట్ పెట్టానని, అప్‌లోడ్ చేస్తుంటే ‘పర్మిషన్ డినైడ్’ వస్తోందని రాశారు. దయచేసి 777 (అంటే అందరికీ అన్ని అనుమతులు) ఇవ్వకండి. ఇస్తే ఆ సర్వర్‌లో ఎవరైనా ఆ ఫోల్డర్‌లో ఏదైనా పెట్టేయగలరు.

ఉబుంటు (ఒక రకం లినక్స్) సర్వర్‌లో, సైట్‌ని నడిపే అపాచీ సాఫ్ట్‌వేర్ మీ పేరుతో కాదు, ‘డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా’ (www-data) అనే యూజర్‌గా నడుస్తుంది. ఫోల్డర్ మీ పేరున 755లో ఉంటే, మొదటి అంకె ఓనర్‌కి, మిగతా రెండూ గ్రూప్‌కి, ఇతరులకి. ఓనర్ అయిన మీకు 7 (అన్నీ చేయొచ్చు), అపాచీకి దక్కేది 5. అంటే చదవగలదు, లోపలికి వెళ్లగలదు, రాయలేదు. అప్‌లోడ్స్ ఫోల్డర్ ఒక్కదాన్నే చౌన్ (chown, ఓనర్‌ని మార్చేది) కమాండ్‌తో ఆ యూజర్ పేరుకి మార్చండి, 755 చాలు. కోడ్ ఫైళ్లు మాత్రం మీ పేరునే ఉండనివ్వండి, ఇది ముఖ్యం.

రాకీ లినక్స్ అయితే, ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఎస్‌ఈలినక్స్ (SELinux) అనే అదనపు భద్రతా వ్యవస్థ అడ్డుపడొచ్చు. ఫోల్డర్‌కి అది వాడే గుర్తు (లేబుల్) అపాచీని రాయనిచ్చేదేనా చూడండి.