లెక్కలంటే భయం, సోషియాలజీలో పీజీ చేయొచ్చా?

ప్రశ్న: డిగ్రీలో సాహిత్యం చదివాను. ఇప్పుడు సోషియాలజీలో పీజీ చేయాలనుంది. కానీ అందులో స్టాటిస్టిక్స్ కూడా ఉంటుందని విన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్. దాన్ని తప్పించుకునే దారేమైనా ఉందా?

జవాబు: తప్పించుకోవడం కష్టమండీ, తప్పించుకోకూడదు కూడా. 1897లో ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ ప్రచురించిన ఆత్మహత్యల అధ్యయనమే చూడండి. పూర్తిగా ఒక మనిషి సొంత బాధ అనుకునే విషయాన్ని తీసుకుని, యూరప్ దేశాల మరణాల లెక్కలు పక్కపక్కన పెట్టి, పెళ్లయినవాళ్లకూ కానివాళ్లకూ, ప్రొటెస్టెంట్లకూ క్యాథలిక్కులకూ మధ్య ఈ తేడాలు ఎందుకొస్తున్నాయి అని అడిగాడు. ఆయన జవాబుల్లో కొన్నింటిని తర్వాతివాళ్లు బాగానే ఉతికేశారు, అది వేరే సంగతి. ప్రశ్న వేసిన తీరు మాత్రం ఇప్పటికీ పాఠమే. మొదట్లో మీకు కావలసింది శాతాలు, సగటు, శాంపిల్, రిగ్రెషన్ (ఒకటి మారితే మరొకటి ఎంత మారుతుందో అంచనా వేసే పద్ధతి) పట్టికను చదవడం, అంతే. కూడికలు సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది.

సాహిత్యం నుంచి వచ్చేవాళ్లకు అసలు చిక్కు వేరేచోట ఉంటుంది. ఇంటర్వ్యూలు అద్భుతంగా రాస్తారు, పదిమంది మాటలు విని సమాజమంతా ఇంతేనని తేల్చేస్తారు! అక్కడ జాగ్రత్త.

థియరీలో సోషియాలజీకి పునాది వేసిన మార్క్స్, వెబర్ ఎలాగూ తప్పరు, నోట్సుతో సరిపెట్టకుండా ఒక్కో అధ్యాయమైనా నేరుగా చదవండి. చేరేముందు సిలబస్ తెప్పించుకుని పరిశోధన పద్ధతుల పేపర్లు ఎన్నున్నాయో, డిసర్టేషన్‌కి గైడ్ చేసేవాళ్లు ఎలాంటి పని చేస్తున్నారో చూడండి. ఫీల్డ్‌వర్క్ అసలే లేని కోర్సయితే, యూనివర్సిటీ పేరు ఎంత పెద్దదైనా నేనైతే చేరమనను.