ప్రోటీన్ క్రిస్టల్స్ 5 మైక్రాన్లు దాటడం లేదు, ఏం చేయాలి?

ఆరు నెలలుగా ట్రేలలో పెంచుతున్నా ప్రోటీన్ క్రిస్టల్స్ 5 మైక్రాన్లు దాటడం లేదనీ, సింక్రోట్రాన్‌లో (బలమైన ఎక్స్‌రేలు ఇచ్చే యంత్రం) ప్రోటీన్ నిర్మాణం లెక్కగట్టడానికి కావాల్సిన వివర్తన చుక్కలు రావడం లేదనీ, ప్రాజెక్టు వదిలేయాలా అనీ అడిగారు. ప్రాజెక్టు వదలొద్దు. క్రిస్టల్స్‌ని ఇంకా పెద్దవి చేయాలని చూడటం మాత్రం ఆపేయండి.

పోస్ట్‌డాక్‌లో నేనూ ఏడాదికి పైగా ఇదే చేశాను. సీడింగ్ (పాత క్రిస్టల్ ముక్కల్ని విత్తనాల్లా వేయడం) చేశాను, పెగ్ (ప్రోటీన్‌ని క్రిస్టల్ కట్టించే పాలిమర్) అర శాతం చొప్పున మార్చాను, ట్రేలు చల్లగదికి మోశాను. వచ్చినవన్నీ సన్నటి సూదులే. కొలత 100 మైక్రాన్ల నుంచి 10కి తగ్గితే క్రిస్టల్ ఘనపరిమాణం వెయ్యో వంతు అవుతుంది. దాన్నుంచి సరిపడా చుక్కలు వచ్చేలోపే ఎక్స్‌రే దెబ్బకి అది పాడైపోతుంది.

ఎక్స్‌రేలకు బదులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఎలక్ట్రాన్లు వాడితే లెక్క తిరగబడుతుంది. అవి పదార్థంతో ఎంత గట్టిగా తగులుకుంటాయంటే, క్రిస్టల్ మందంగా ఉండటమే అక్కడ తప్పు. 200-300 నానోమీటర్ల మందం చక్కగా సరిపోతుంది. 2013లో అమెరికాలోని జనేలియా పరిశోధన కేంద్రంలో తమీర్ గోనెన్ బృందం లైసోజైమ్ అనే ప్రోటీన్ చిన్న క్రిస్టల్స్‌తో 2.9 ఆంగ్‌స్ట్రామ్ నిర్మాణం (ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటర్‌లో పదో వంతు; అంకె తగ్గేకొద్దీ వివరం ఎక్కువ) తీసి, ఈ పద్ధతికి మైక్రోఈడీ అని పేరు పెట్టింది. 2015లో ఆల్ఫా-సిన్యూక్లిన్ అనే ప్రోటీన్ ముక్క నిర్మాణం 1.4 ఆంగ్‌స్ట్రామ్‌లో వచ్చింది; ఆ క్రిస్టల్స్ మామూలు మైక్రోస్కోపులో కనపడనే కనపడవు. అందుకే ట్రేలో పాలు విరిగినట్టున్న డ్రాప్‌ని పారేసే ముందు ఒకసారి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూడమంటాను. నేను అలాంటి ట్రేలు ఎన్ని కడిగేశానో!

చుక్కలు తెచ్చుకోవడం కంటే నన్ను ఏడిపించింది గ్రిడ్ (క్రిస్టల్స్‌ని మైక్రోస్కోపులో పెట్టే చిన్న జల్లెడ బిళ్ల) తయారీ. నా డ్రాప్‌లో పెగ్ 3350 పాతిక శాతం, పాకంలా ఉండేది. ఫిల్టర్ పేపర్ అద్దితే ఒకచోట పొర మందంగా మిగిలి ఎలక్ట్రాన్లు దాటేవి కావు, ఇంకోచోట ఆరిపోయి క్రిస్టల్స్ చచ్చిపోయేవి. పల్చన చేద్దామని బఫర్ పోస్తే కళ్ల ముందే కరిగిపోయాయి. చివరికి డ్రాప్‌లో కొద్దిగా తక్కువ పెగ్ ఉన్న రిజర్వాయర్ ద్రావణమే (ట్రేలో డ్రాప్ పక్కన గుంటలో పోసేది) కలిపి, గ్రిడ్ వెనక వైపు నుంచి మాత్రమే, ఎక్కువసేపు అద్ది, వెంటనే ద్రవ ఈథేన్‌లో ముంచాను. నాలుగు గ్రిడ్‌లలో ఒకటి పనికొచ్చింది. అదే చాలు.

క్రిస్టల్స్ మందంగా ఉంటే చిన్న పూసలు వేసి వోర్టెక్స్ చేసి విరగ్గొట్టచ్చు, లేదా అయాన్ బీమ్‌తో చెక్కచ్చు. పలకల్లా ఉంటే వేరే తలనొప్పి: అన్నీ గ్రిడ్ మీద బోర్లా పడుకుంటాయి, మైక్రోస్కోపులో గ్రిడ్‌ని తిప్పే స్టేజ్ పూర్తిగా తిరగదు కాబట్టి ఒక దిక్కు డేటా రాదు. అప్పుడు చెక్కి పలకని పలచన చేసినా సమస్య అలాగే ఉంటుంది. విరగ్గొడితే కొన్ని ముక్కలు పక్కకి తిరిగి పడచ్చు. చుక్కల నుంచి నేరుగా దొరకని ఫేజ్‌ల (నిర్మాణం లెక్కగట్టడానికి కావాల్సిన తరంగ సమాచారం) కోసం, ఆల్ఫాఫోల్డ్ (ప్రోటీన్ ఆకారాన్ని ఊహించే ఏఐ) మోడల్‌తో మాలిక్యులర్ రీప్లేస్‌మెంట్, అంటే పోలిక ఉన్న మోడల్‌తో మొదలుపెట్టే పద్ధతి, ప్రయత్నించండి.

ఇంకో దారిగా ఎక్స్‌రే ఫ్రీ-ఎలక్ట్రాన్ లేజర్ (అతి చిన్న, అతి తీవ్రమైన ఎక్స్‌రే పల్సులు ఇచ్చే యంత్రం) కూడా ఉంది. 2011లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ దగ్గరి ఎల్‌సీఎల్‌ఎస్ అనే అలాంటి లేజర్‌లో ఫోటోసిస్టమ్-1 (కిరణజన్య సంయోగక్రియలో పనిచేసే ప్రోటీన్ సముదాయం) నానోక్రిస్టల్స్ నుంచి 30 లక్షలకు పైగా చుక్కల చిత్రాలు తీశారు. ఒక్కో క్రిస్టల్‌కి ఒక్క పల్సే, తర్వాత అది ఉండదు. ప్రోటీన్ బోలెడు కావాలి, బీమ్‌టైమ్ (ఆ యంత్రం వాడుకునే సమయం) కోసం ఎదురుచూపులు వేరే. మీ దగ్గర అంత ప్రోటీన్ లేకపోతే మొదట అటు వెళ్లకండి.

మీవి సూదులా, పలకలా? డ్రాప్‌లో పెగ్ ఎంత? చెబితే అద్దే సమయం నుంచి మొదలుపెట్టి చూద్దాం.