ఆ వాచ్‌మన్ ఎందుకు చనిపోయాడు?

చి. అమ్మాయికి ఆశీస్సులు.

అరండల్‌పేట నుంచి నువ్వు పంపిన నవల అందింది. ఏడో పేజీలో మ్యూజియం వాచ్‌మన్ హత్య. తొమ్మిదో పేజీకల్లా అతన్ని అందరూ మరిచిపోయారు, నువ్వు కూడా. ఇక చివరిదాకా మాయమైన శిల్పం వెనక పరుగులే. నాకు కోపం వచ్చింది. అందుకే వెంటనే రాస్తున్నాను.

నీ వాక్యం బాగుంది. బందరు రోడ్డు మీద వాన వెలిసిన సాయంత్రాన్ని చక్కగా పట్టుకున్నావు. ఇక అసలు సంగతికి వస్తాను.

హత్యకు కారణం చనిపోయినవాడి పనిలో ఉండాలి. అపరాధ పరిశోధన రాస్తామని వచ్చే ప్రతివాళ్లకూ నేను చెప్పేది ఇదొక్కటే. నీ వాచ్‌మన్ దొంగకు అడ్డొచ్చి చనిపోయాడు. అడ్డు రావడానికి ఎవరైతేనేం? మ్యూజియం తీసేసి నగల కొట్టు పెట్టినా నీ కథ ఇలాగే నడుస్తుంది.

నేను ప్రూఫులు దిద్దుకుని బతికే రోజుల్లో ఒక మ్యూజియంలో రాత్రిపూట కాపలా కాసే మనిషితో స్నేహం ఉండేది. సాయంత్రం గదులు మూశాక తాళానికి గుడ్డ చుట్టి, పురికొస బిగించి, ముడి మీద లక్క కరిగించి పోసి ఇత్తడి సీలు నొక్కేవారు. పొద్దున డ్యూటీ మారేటప్పుడు ఆయన ముందు తాళం చూసేవాడు కాదు, లక్క మీద అక్షరాలను బొటనవేలితో తడిమేవాడు. ఆ సీలులో ఒక అక్షరం కొమ్ము అరిగిపోయి ఉండేది. లక్క మీద ఆ కొమ్ము నిండుగా కనబడిందంటే రాత్రి ఎవరో వేరే సీలు వేశారని అర్థం. అది చూసుకున్నాకే రిజిస్టర్లో సంతకం. నీ వాచ్‌మన్ బొటనవేలికి ఒక పొద్దున ఆ కొమ్ము తగలాలి. అతని చావుకు అంతకంటే కారణం ఇంకేం కావాలి?

నీ దొంగ అమరావతి శిల్పఫలకాన్ని సంచిలో వేసుకుని కిటికీలోంచి దూకాడు! అది పల్నాటి సున్నపురాయి. ఘనపుటడుగు 70 కిలోలకు తగ్గదు. నువ్వు ఇచ్చిన కొలతలు మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అర అడుగు మందం. రెండు వందల కిలోలు దాటుతుంది. నలుగురు మనుషులు, మోకులు, గేటు దాకా వెనక్కి వచ్చే వ్యాను కావాలి. గేటు తీస్తే రిజిస్టర్లో రాయాలి. రాయాల్సింది ఎవరు? కథ మళ్లీ అతని దగ్గరికే వచ్చింది చూడు.

శిల్పం గేటు దాటినంత మాత్రాన దొంగ గట్టెక్కడు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన శిల్పాన్ని ప్రైవేటు వ్యక్తులెవరూ దేశం దాటించకూడదు. అందుకే దొంగసొత్తుకు, ఆ చట్టం రాకముందే దేశం దాటినట్టు పాత కాగితాలు పుట్టిస్తారు. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ క్షేత్రం నుంచి పోయిన సున్నపురాతి శిల్పం ఆస్ట్రేలియాలో, కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీలో తేలింది. 2005లో కొన్నారు, 2016లో మనకు అప్పగించారు. ఇక్కడ ఉండగా తీసిన ఫొటోయే దానికి సాక్ష్యం. ఫొటోలు, రిజిస్టర్లు, రాతి వెనక రంగుతో వేసే నంబరు, వీటిని చూసుకునే చిన్న ఉద్యోగులు నీ నవలలో ఒక్కరూ లేరు. లండన్ ప్రయాణం మాత్రం నాలుగు అధ్యాయాలు ఉంది. అమరావతి శిల్పాలు 1859లోనే మద్రాసులో ఓడెక్కాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఎవరైనా వెళ్లి చూడవచ్చు. నీ డిటెక్టివ్ అక్కడ కనిపెట్టేదేమీ లేదు, ఆ నాలుగూ తీసెయ్యి.

అన్నట్టు, 2025లో జరిగే కథలో సెక్షన్ 302 అని రాశావు. అది పాత ఐపీసీది. 2024 జూలై 1 నుంచి హత్యకు శిక్ష భారతీయ న్యాయ సంహిత 103లో ఉంది.

పాఠకుడికి రిజిస్టర్లు అక్కర్లేదని నీతో ఎవరో అన్నారట. నాతోనూ అన్నారు. ఒక వారపత్రికలో నా సీరియల్ వస్తుండగా, ప్రతి వారం చివర ఒక కేక వినబడి తీరాలని సంపాదకుడు పట్టుబట్టాడు. కాపలాదారు ఇంటి అధ్యాయం కోసేసి ఆ చోట క్లబ్బు డాన్సు రాయమన్నాడు. రాయనన్నాను. సీరియల్ మధ్యలో ఆపేశారు, రావలసిన డబ్బు ఎగ్గొట్టారు. ఏలూరు రోడ్డు పక్క సందులో ఒక అచ్చాఫీసు యజమాని, నా జీతంలో నెలనెలా కోసుకునే ఒప్పందం మీద ఆ నవల వేశాడు. అద్దె పుస్తకాల షాపుల్లో అట్ట ఊడి, పేజీలకు సూదీదారంతో కుట్లు పడేదాకా తిరిగింది. జనం అడిగి చదివింది ఆ కాపలాదారు అధ్యాయమే. ఇప్పుడు మీ తరానికి వెబ్‌సిరీస్ ఎపిసోడ్‌లా రాయమని చెబుతున్నారు. అదే సంపాదకుడు మళ్లీ పుట్టాడనిపిస్తుంది నాకు. వినకు.

ఎనిమిదో పేజీలో ఒకచోట నేను ఆగిపోయాను. వాచ్‌మన్ భార్య క్యారియర్ పట్టుకుని గేటు దగ్గరికి వస్తుంది. లోపల ఏం జరిగిందో ఆమెకు తెలియదు. పోలీసు ఆపితే, “పెరుగన్నం బాబూ, ఎండకు పులిసిపోతుంది” అంటుంది. ఈ మాట రాసిన నీకు ఆ ఇంటిని అక్కడే వదిలేసే హక్కు లేదు. ఆమె వెంట వెళ్లు. ముందు రోజు అన్నం తింటూ అతను సీలు సంగతి ఆమెతో అని ఉంటాడు. పోలీసులు అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు. నీ డిటెక్టివ్ లేకపోయినా నష్టం లేదు, ఆమె చాలు.

కలం పేరు, పోటీలు, ప్రచురణకర్తలు... అవన్నీ తర్వాత. ముందు ఆ గేటు దగ్గరి నుంచి ఒక కొత్త అధ్యాయం రాసి పంపు. ఫోన్లో వద్దు, కాగితం మీద. పక్కన నేను రాయడానికి చోటు వదులు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు
సత్యనారాయణపురం, విజయవాడ