లోడు బండి మీద నేర్చుకో

చిరంజీవి రాజుకి, బాబాయి ఆశీర్వదించి రాసేది.

హెవీ లైసెన్సు తీసుకుని లారీ ఎక్కుతానన్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. నాకు సంతోషంగా ఉంది. కానీ ఎవరో ఏజెంటు శిక్షణ, టెస్టు బాధ లేకుండా తెప్పిస్తానన్నాడట. ఆ మాట విన్నాక రాయక తప్పలేదు. వాడి దగ్గరికి వెళ్లొద్దు.

కాగితాల పని అంత పెద్దదేమీ కాదు. ఇరవై ఏళ్లు నిండాలి, కారు లైసెన్సు వచ్చి ఏడాది దాటాలి, నీకు రెండూ ఉన్నాయి. డాక్టరు దగ్గర ఫారం 1ఎ అనే ఆరోగ్య సర్టిఫికెట్టు, తర్వాత ఎల్ఎల్ఆర్ అంటే లెర్నర్ లైసెన్సు, డ్రైవింగ్ స్కూల్లో శిక్షణ, అది పూర్తయిందని వాళ్లిచ్చే ఫారం 5, ఆర్టీవో టెస్టు. ఎల్ఎల్ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాతే టెస్టుకు రానిస్తారు. దాని గడువు 6 నెలలు. నీతో వస్తానంటున్న కుర్రాడు ఎనిమిదో తరగతి పాసవలేదని వెనకాడుతున్నాడట. ఆ నిబంధన 2019లోనే తీసేశారు, ధైర్యంగా రమ్మను.

స్కూలు ఎంచుకునేటప్పుడు ఫీజు ఎంతని తర్వాత అడుగు. లారీ స్టీరింగు ముందు నిన్ను ఎన్ని గంటలు కూర్చోబెడతారో ముందు అడుగు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న శిక్షణ కేంద్రాల్లో హెవీ కోర్సు ఆరు వారాలు, మొత్తం 38 గంటలు. అక్కడ పాసైతే మళ్లీ ఆర్టీవో దగ్గర టెస్టు ఉండదు. మనకి ఆంధ్రలో దర్శిలో, తెలంగాణలో సిరిసిల్ల దగ్గర మండెపల్లిలో డ్రైవర్ల శిక్షణ కోసమే కట్టిన సంస్థలున్నాయి. వెళ్లి కనుక్కో.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెబుతాను. ఎంత మంచి స్కూలైనా నేర్పేది ఎక్కువగా ఖాళీ బండి మీదే. పది టైర్ల బండి లోడుతో 28 టన్నులు దాటుతుంది. ఖాళీగా అందులో మూడో వంతు ఉంటుందేమో. ఖాళీ బండి నువ్వు చెప్పినట్టు వింటుంది. లోడెక్కిన బండి బ్రేకు తొక్కాక కూడా చాలా దూరం పోతుంది, మలుపులో పక్కకి లాగుతుంది. పత్తి, గడ్డిలాంటి ఎత్తు లోడైతే ఇంకా ప్రమాదం. అందుకే లైసెన్సు రాగానే ఒంటరిగా బండి తీసుకోవద్దు. కనీసం ఏడాది ఒక అనుభవస్తుడి పక్కన సెకండ్ డ్రైవరుగా తిరుగు. జీతం తగ్గుతుంది, తగ్గనీ.

ఆ ఏడాదిలో ముఖ్యంగా ఘాట్ దిగడం నేర్చుకో. శ్రీశైలం నుంచి దోర్నాలకి, మారేడుమిల్లి నుంచి చింతూరుకి వచ్చే దారుల్లో తెలుస్తుంది డ్రైవరు పనితనం. ఆ వాలు ఎక్కడానికి ఏ గేరు పడుతుందో దిగడానికీ అదే గేరు. అదీ వాలు మొదలుకాకముందే వేసుకోవాలి, మధ్యలో వేగం అందుకున్నాక కింది గేరు పడదు. ఇంజిన్ పొగను అడ్డుకుని వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు వాడు. కాలు బ్రేకు మీదే పెట్టి దిగితే చక్రాల్లో బ్రేకు డ్రమ్ములు కాలిపోయి, వాటిని ఒరుసుకుని ఆపే లైనర్లు పట్టు వదిలేస్తాయి. కాలిన వాసన వచ్చేసరికే ఆలస్యం అయిపోతుంది. లారీ బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి, పదేపదే తొక్కితే ఆ గాలీ తగ్గుతుంది, గేజీ చూస్తూ ఉండు. పొద్దున్నే గాలి ట్యాంకుల్లో చేరిన నీళ్లు బయటికి వదిలేసి, గాలి నిండాకే బండి కదిలించు.

డీజిల్ మిగులుతుందని న్యూట్రల్లో దిగమని చెప్పేవాళ్లు ఉంటారు, వినకు. ఇప్పటి ఇంజిన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే డీజిల్ వెళ్లడమే ఆగిపోతుంది. న్యూట్రల్లో అయితే ఇంజిన్ తిరగడానికి కొంత తాగుతూనే ఉంటుంది. మిగిలేది ఏమీ లేదు, పోయేది మాత్రం ప్రాణం.

ఊళ్లలో ఎడమకి తిరిగేటప్పుడు వెనక చక్రాలు లోపలికి కోసుకుని వస్తాయి. క్యాబిన్‌ని ఆనుకుని వచ్చే మోటార్ సైకిలు నీకు కనపడదు. అద్దం చూశాననుకోకు, మళ్లీ చూడు.

నిద్ర గురించి గట్టిగానే చెబుతున్నాను. రెండు నుంచి ఐదు దాకా తెల్లవారుజాము చెడ్డ సమయం. టీ తాగితే, మొహం కడుక్కుంటే పోయే నిద్ర కాదది. బంకులోనో దాబా ఆవరణలోనో ఆపి పడుకో, రోడ్డు అంచున మాత్రం ఆపకు. చీకట్లో ఆగి ఉన్న లారీని వెనక నుంచి కార్లు గుద్దుకుని ఎందరు పోతున్నారో పేపర్లో చూస్తూనే ఉన్నావు. 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలో రోజుకి 8 గంటలు, ఐదు గంటల పని తర్వాత అరగంట విశ్రాంతి అని రాసి ఉండేది. అది పాటించిన ఓనర్లు తక్కువ. అందుకే మొదటి బండిని బత్తా (ట్రిప్పు ఖర్చులకిచ్చే డబ్బు) చూసి ఎంచుకోకు. భీమవరం, ఆకివీడు నుంచి హౌరా పోయే చేపల లోడుకి డబ్బు బాగానే వస్తుంది గానీ, ఐసు కరిగేలోపు చేరాలన్న టెన్షన్ కొత్తవాడికి వద్దు. సిమెంటు, ఇనుము లాంటి నిదానపు లోడుతో మొదలుపెట్టు.

ఓనరు దగ్గరికి వెళ్లినప్పుడు ముందు టైర్లు చూడు. ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ కాగితాలు అడుగు. అడిగితే చిరాకు పడేవాడి బండి ఎక్కకు. లోడయ్యాక బండి బరువు తూచి ఇచ్చే కాటా చీటీ చేతికి తీసుకో. ఓవర్‌లోడుకి 20,000 రూపాయలు, పైన టన్నుకి మరో 2,000 జరిమానా. దారిలో పట్టుకునేది నిన్నే, ఓనరుని కాదు.

నాలుగైదేళ్లు శుభ్రంగా తోలాక ఆయిల్, గ్యాస్ ట్యాంకర్ల వైపు వెళ్లొచ్చు. ప్రమాదకర సరుకులకి మూడు రోజుల శిక్షణ పొంది లైసెన్సులో రాయించుకోవాలి. తెలుగుతో పాటు ఇంగ్లీషు చదవడం, రాయడం రావాలి, ఇంటర్ చదివావు కాబట్టి నీకు ఇబ్బంది లేదు.

లైసెన్సు చేతికి రాగానే నాకు ఫోన్ చెయ్యి. జగ్గయ్యపేట సిమెంటు లైనులో తిరిగే పెద్దాయన ఒకరు నాకు బాగా తెలుసు. నిన్ను పక్కన ఎక్కించుకోమని నేను మాట్లాడతాను. ఈలోపు కళ్లు ఒకసారి పరీక్ష చేయించుకో.

మీ బాబాయి