హార్మోన్ తగ్గింది నాకు.. ఎముకలు గుల్లబారింది మావారికి!

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. నెలసరి ఆగి నాలుగేళ్లయింది. మావారికి 54. పదిహేనేళ్లుగా రోజూ రాత్రి క్వార్టర్ తాగుతారు. మొన్న బాత్రూంలో జారి మణికట్టు విరిగింది. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్‌లో టీ స్కోరు మైనస్ 2.7 వచ్చింది. హార్మోన్ తగ్గింది నాకైతే ఆయనకెందుకిలా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మైనస్ 2.5, అంతకన్నా కిందికి వస్తే ఆస్టియోపోరోసిస్ (ఎముకలు గుల్లబారడం) అంటామమ్మా. ఈస్ట్రోజెన్ ఆడవాళ్ల సొత్తు అనుకుంటాం గానీ మగవాళ్ల ఎముకలకూ అదే కాపలా. వాళ్లలో మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ కొంత ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. పుట్టుకతోనే ఈస్ట్రోజెన్ పనిచేయని 28 ఏళ్ల యువకుడి గురించి 1994లో వైద్య పత్రికలో వచ్చింది. టెస్టోస్టిరాన్ మామూలే. ఎత్తు 204 సెంటీమీటర్లు, ఇంకా పెరుగుతున్నాడు. ఎముకలు మాత్రం గుల్ల!

ఎముకలో పాతదాన్ని తొలిచే కణాలు, కొత్తది కట్టే కణాలు నిత్యం పనిలో ఉంటాయి. తొలిచేవాటికి ముకుతాడు ఈస్ట్రోజెన్. మీలో అది వదులైంది. మద్యం దెబ్బ రెండో వైపు: కట్టే కణాలనే పడుకోబెడుతుంది. అందుకే బాగా తాగేవాళ్లలో కాలేయం చెడి, ఈస్ట్రోజెన్ పెరిగి రొమ్ములు ఉబ్బినా ఎముకలకు ఒరిగేదేమీ ఉండదు. పైగా టెస్టోస్టిరాన్ పడిపోతుంది, విటమిన్ డి తయారీ కుంటుపడుతుంది. తూలి పడటం సరేసరి.

క్వార్టర్ అంటే 180 మి.లీ. మన విస్కీలో ఉండే 42.8 శాతం లెక్కన దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్. ఎముకలు విరిగే ముప్పును అంచనా వేసే ఫ్రాక్స్ లెక్కలో రోజుకు మూడు యూనిట్లు, అంటే 24-30 గ్రాములు చేరితేనే ముప్పు కింద రాస్తాం. మీవారిది దానికి రెట్టింపు.

అలాగని రేపటి నుంచే సీసా దాచేయకండి. రోజూ తాగేవాళ్లు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలోనే మాన్పించాలి. మానేసిన కొన్ని వారాల్లోనే కట్టే కణాలు తిరిగి పని అందుకుంటాయి. ఈలోగా విటమిన్ డి, కాల్షియం, టెస్టోస్టిరాన్, కాలేయ పరీక్షలు చేయించి ఎండోక్రైనాలజిస్టుకు (హార్మోన్ల డాక్టరుకు) చూపించండి. ఎముకలకు మాత్రలా, ఇంజెక్షనా అన్నది వారు చెబుతారు. గజ్జల్లో నొప్పి ఉంటే దాచవద్దనండి. తాగేవాళ్లలో తుంటి బంతికి రక్తం అందక ఎముక చచ్చుబడవచ్చు, దానికి ఎంఆర్‌ఐ కావాలి.

మీరూ ఒకసారి డెక్సా చేయించుకోండి. ‘కాస్త వైన్ తాగితే ఈస్ట్రోజెన్ పెరుగుతుంది, ఎముకలకు మంచిది’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. మద్యం రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచుతుంది.